లెక్కల పీరియడ్‌లో కడుపునొప్పి

పదేళ్ల మగపిల్లవాడు. ఐదో తరగతి, తెలుగు సెక్షన్. ఊరు ఒడిశాలో, గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గర. స్వల్ప స్థాయి మేధో వైకల్యం ఉందని అంతకుముందే నిర్ధారణ అయింది, ధ్రువపత్రంలో 50 శాతం అని ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తుంది, ‘ర’ పలకబోతే ‘ల’ వస్తుంది. ఇంట్లో అమ్మ, నాన్న, మామ్మ, చెల్లెలు. నాన్న పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య ఆటో నడుపుతాడు. అమ్మ ఇంటి అరుగు మీద చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంది. పిల్లవాణ్ణి ఇక్కడ రాజు అంటాను. అది వాడి పేరు కాదు. కుటుంబం గుర్తులు కూడా కొన్ని మార్చాను.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఆ చుట్టుపక్కల బడుల్లో వైకల్యం ఉన్న పిల్లల చదువు చూస్తుంటాను. దసరా సెలవులయ్యాక రాజు వాళ్లమ్మ నన్ను బడి గేటు దగ్గర పట్టుకుంది.

“మా గుంటడు బడిలో ఉండనంటన్నాడు మేడమ్. పొద్దున్న బాగానే ఎల్తాడు. మజ్జానం కడుపునొప్పనీసి ఇంటికొచ్చీస్తన్నాడు. డాట్రుగారికి సూపించినాం, ఏటీ నేదన్నారు.”

ముందు తీసేసిన కారణాలు

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు ‘వేషాలేస్తున్నాడు’ అన్న మాటని పక్కన పెట్టి ఒళ్లు చూడాలి. మేధో వైకల్యం ఉన్న పిల్లలు నొప్పి ఎక్కడో, ఎలాంటిదో చెప్పలేక అన్నిటికీ కడుపే అంటారు. పంటినొప్పిని కూడా కడుపునొప్పిగా చెప్పిన పిల్లలున్నారు. నులిపురుగుల మాత్ర వేశారు. విరేచనం సరిగానే ఉంది. బడి మరుగుదొడ్డికి తాళం లేదు. మధ్యాహ్న భోజనం బాగా తింటున్నాడు, గుడ్డు పెట్టిన రోజు రెండోది అడుగుతున్నాడని వంటామె చెప్పింది. అన్నం తిన్న అరగంటకే నొప్పి వస్తుంటే, తిండిని అనుమానించాలి కదా అని కొన్నాళ్లు అదీ చూశాం. ఆదివారం ఇంట్లో అంతకంటే ఎక్కువే తింటాడు, నొప్పి రాదు.

హాజరుపట్టీ, టైమ్‌టేబుల్ పక్కపక్కన పెట్టుకున్నాను. భోజనం తర్వాత మొదటి పీరియడ్ లెక్కలు. మంగళవారం మాత్రం ఆ పీరియడ్ ఆటలకిచ్చారు. మంగళవారాలు నొప్పి లేదు.

ఇక లెక్కలంటే భయమని రాసేసి ఫైలు మూయొచ్చు. చాలా ఫైళ్లు అలాగే మూతపడతాయి. కానీ రాజుకి లెక్కలు దసరా తర్వాత కొత్తగా కష్టమైనవి కావు. రెండో తరగతి నుంచీ కష్టమే. కోణాల పాఠం నడిచినన్నాళ్లూ ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంట కొట్టేదాకా కూర్చున్నాడు, స్కేలు పెట్టి పుస్తకం నిండా గీతలు గీశాడు. మాస్టారు కొట్టే మనిషి కాదు, గట్టిగా కూడా అరవరు. మరి దసరా తర్వాత ఏం మారింది? పాఠం మారింది.

క్లాసులో చూసింది

మాస్టారి అనుమతి తీసుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన బోర్డు మీద తేదీ వేసి, కింద గీత కొట్టి, ‘భిన్నాలు’ అని రాశారు.

“పోయిన క్లాసులో క్రమ భిన్నం చెప్పుకున్నాం. ఇవాళ అపక్రమ భిన్నం.”

భిన్నం అన్న మాట వచ్చిన ప్రతిసారీ కుడివైపు బెంచీల్లో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. రెండోసారికి మూడు తలలు రాజు వైపు తిరిగాయి. “భిన్నం కింద ఉండే అంకెని ఏమంటారు?” అని మాస్టారు అడిగారు. ఒకడు లేచి, చేతులు కట్టుకుని, చాలా వినయంగా “హారం మాస్టారూ” అన్నాడు. కూర్చుంటూ పక్కవాడి చెవిలో, వెనక నాదాకా వినిపించేంత గట్టిగా, “మరి మన భిన్నం కింద ఏటుంది? బెంచీ” అన్నాడు. ఇంకోడు అందుకున్నాడు: “ఆడు అపక్రమ భిన్నంరా.” ఇక ఆగలేదు, బయటికే నవ్వారు. మాస్టారు వెనక్కి తిరిగి “ఏంటా నవ్వు?” అని డస్టర్‌తో బల్ల కొట్టి మళ్లీ బోర్డు వైపు తిరిగారు. ఆయనకి వినపడలేదు. వినపడినా అర్థమయ్యేది కాదేమో, బోర్డు మీద ఉన్నదీ ఆ మాటే కదా.

రాజు పెన్సిలు డబ్బా మూత తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. తర్వాత ముందుకు వంగి బల్ల అంచుకి పొట్ట నొక్కుకున్నాడు. చెయ్యెత్తాడు.

“మళ్లీనా?”

“కడుపు మాస్టాలూ.”

“సరే, వెళ్లు.”

వాడు చొక్కా గుండీలు పెట్టుకోవడానికే చాలాసేపు తీసుకుంటాడు. సంచీ మాత్రం రెప్పపాటులో సర్దేశాడు.

ప్రవర్తన విశ్లేషణలో మేం రాసుకునే మూడు గళ్లూ నిండాయి. ముందు జరిగింది: భిన్నం అన్న మాట, నవ్వు. వాడు చేసింది: కడుపునొప్పి చెప్పడం. తర్వాత జరిగింది: ఇంటికి పోవడం, నవ్వు వినపడకపోవడం. నొప్పి అబద్ధం కాదు. చాలామంది పిల్లలకి భయం ముందు కడుపులోనే తెలుస్తుంది. కాకపోతే నొప్పి చెబితే తప్పించుకునే దారి దొరుకుతోంది, దానివల్ల ప్రతి మధ్యాహ్నం ఆ నొప్పి మరింత బలపడుతోంది.

ఆ మాటకి వాళ్లిచ్చిన అర్థాలు

మంగళవారం ఆటల పీరియడ్‌లో ఆ గుంపు దగ్గర కూర్చున్నాను. ఎవరు మొదలుపెట్టారని అడగలేదు. అడిగితే అన్ని వేళ్లూ ఒక్కడివైపే చూపిస్తాయి, ఆ పైన ఇక ఏమీ తెలియదు. “మీ క్లాసులో భిన్నం అని ఓ కొత్త మాట వింటున్నాను, అంటే ఏంటిరా?” అన్నాను.

“బుర్ర తక్కువోడు మేడమ్.”

“కాదు మేడమ్, కార్డున్నోడు.”

“ఆడికి డబ్బులొస్తాయి మేడమ్. చదివినా సదవకపోయినా ఒస్తాయి.”

“కేచ్ ఒగ్గీసినోణ్ణి కూడా భిన్నమంటాం.”

ఈ నాలుగు జవాబులూ నోట్‌బుక్‌లో ఇదే వరసలో ఉన్నాయి. నాలుగోది వినగానే మాట ఏ దశలో ఉందో తెలిసింది. నా పనిలో నేను పెట్టుకున్న గుర్తు ఇది: ఒక స్థితిని చెప్పే మాటని ఆ స్థితి లేనివాళ్ల మీద వాడడం మొదలైందంటే అది తిట్టుగా మారిపోయింది. క్యాచ్ వదిలేసిన పిల్లవాడికి ఏ వైకల్యమూ లేదు. వాణ్ణి భిన్నం అనడమంటే రాజుతో పోల్చి అవమానించడం. రాజు క్లాసులో లేని రోజు కూడా ఆ మాట వాణ్ణే తిడుతూ ఉంటుంది.

మూడో జవాబుకి తర్వాత వస్తాను, దాని సంగతి వేరు.

మాట వచ్చిన దారి

ఒడిశా ప్రభుత్వ కాగితాల్లో వైకల్యం ఉన్నవాళ్లని ‘భిన్నక్షమ’ అంటారు. భీమ భోయి పేరు మీద నడిపే శిబిరాల్లో ధ్రువపత్రాలు, ఉపకరణాలు ఇస్తారు. ఆ అభియాన్ పేరులోనూ ఈ మాటే ఉంది. (భీమ భోయి పందొమ్మిదో శతాబ్దపు సంతకవి, చూపు లేనివాడని ఒడియావాళ్ల నమ్మకం. ఆయన్ని అంధకవి అని తలుచుకుంటే ఎవరికీ అవమానంగా తోచదు. అదే ‘అంధ’ని చూపు లేని పిల్లవాడి పేరుకి ముందు తగిలించి చూడండి.) ఒడియాలో ఈ క్షమ అంటే సామర్థ్యం గల అని, హిందీ సక్షమ్‌లో ఉన్నదే. వేరే రకమైన సామర్థ్యం కలవాళ్లు అని భావం. ఎవరు పెట్టారో గానీ మర్యాదగానే పెట్టారు.

సరిహద్దులో తెలుగు పిల్లల చెవికి అది వేరేగా వినపడుతుంది. ఒడియావాళ్లు క్షని ‘ఖ్య’లా పలుకుతారు, కాబట్టి చివరి భాగం పిల్లలకి అంతుపట్టలేదు. పట్టినా తెలుగులో క్షమ అంటే మన్నింపే. మిగిలింది భిన్నం. అది తెలుగు పుస్తకంలో అంకె కింద అంకె, ఇంట్లో వాడుకలో ఛిన్నాభిన్నం, అంటే ముక్కచెక్కలు. సామర్థ్యాన్ని చెప్పే సగం ఊడిపోయి, ముక్క అన్న సగమే చేతికి దొరికింది. ఏరు అవతల ఆంధ్రలో ప్రభుత్వం ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటుంది. అక్కడ మాట పొడుగు కాబట్టి పిల్లల నోట్లో పట్టదు, అంతే తేడా.

బడిలోకి ఎలా వచ్చింది? హెడ్మాస్టారు మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. అంతకుముందు రాజుని మెంటలోడని పిలిచేవారు. అది ఆయన చెవిన పడింది. ప్రార్థన దగ్గర పిల్లలందరికీ చెప్పారు: ఆ మాట అనకూడదు, భిన్నక్షమ అనాలి. ఆ వారంలోనే స్కాలర్‌షిప్ కాగితాలొచ్చాయి. గుమస్తా క్లాసు గుమ్మంలో నిలబడి “భిన్నక్షమ పిల్లలు పాస్‌బుక్కు జిరాక్సు పట్టుకుని ఆఫీసుకి రండి” అని కేకేశాడు. నలభై మంది కూర్చున్న క్లాసులో ఒక్కడు లేచాడు. తర్వాత వైకల్యం గుర్తింపు కార్డు కోసం మళ్లీ అదే కేక. శిబిరం తేదీకి మళ్లీ. వరండా గోడ మీద ఒక జాబితా అంటించారు, పైన పెద్దక్షరాల్లో ఆ మాట, కింద పేర్లు. రాజు కూర్చునే బెంచీ కూడా అప్పుడే మారింది. మాస్టార్లకి దగ్గరగా ఉంటాడని ముందుకి తెచ్చారు, పక్కన ఇంకెవర్నీ కూర్చోబెట్టలేదు.

పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు. నిఘంటువు కాదు, జనం నోట నలిగిందే భాష అని ఆయన జీవితమంతా వాదించారు. ఆయన అన్నది నిజమేనని ఈ కేసులో నాకు బాధ కలిగించేంతగా రుజువైంది. ప్రార్థన దగ్గర చెప్పిన అర్థాన్ని పిల్లలు తీసుకోలేదు. గుమస్తా కేకలో, గోడ మీద కాగితంలో, ఖాళీ బెంచీలో కనపడిన అర్థాన్ని తీసుకున్నారు.

ఇది ఈ బడికే ప్రత్యేకం కాదు

మందలించి వదిలేస్తే పోతుంది కదా అని హెడ్మాస్టారు అన్నారు. ఆయనతో కూర్చుని కొన్ని పాత సంగతులు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ కొంచెం విపులంగానే రాస్తున్నాను, ఎందుకంటే సిబ్బంది శిక్షణలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇదే: ‘సరైన పదం ఏంటో చెప్పండి, అదే వాడతాం.’

ఇడియట్, ఇంబెసైల్ ఒకప్పుడు వైద్యుల మాటలు, తెలివితేటల పరీక్షల్లో మెట్ల పేర్లు. ఆ రెంటికంటే పై మెట్టున ఉన్నవాళ్లకి సరైన పేరు లేదని అమెరికాలో హెన్రీ గొడ్డార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1910లో గ్రీకు నుంచి ఒక మాట తయారుచేశారు: మోరాన్. ఇప్పుడు ఆ మూడూ రోడ్డు మీద తిట్లు. వాటి స్థానంలో ‘మెంటల్ రిటార్డేషన్’ వచ్చింది. రిటార్డ్ అంటే ఆలస్యం, అంతకంటే మెత్తని మాట దొరకదనుకున్నారు. 2010లో అమెరికా రోసా చట్టం తెచ్చి దాన్ని కేంద్ర చట్టాల నుంచి తీసేయాల్సి వచ్చింది. మన 1995 వికలాంగుల చట్టంలో ఆ మాటే ఉండేది, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం పేరులో ఇప్పటికీ ఉంది. 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అది మేధో వైకల్యమైంది. సికింద్రాబాద్‌లో 1984లో ‘మెంటల్లీ హ్యాండీకాప్డ్’ అన్న పేరుతో మొదలైన జాతీయ సంస్థ కూడా పేరు మార్చుకుంది.

మెంటల్ అన్నదీ అంతే. 1920ల్లో మన దేశంలో ‘అసైలం’ అన్న పేరు అవమానంగా ఉందని ‘మెంటల్ హాస్పిటల్’ చేశారు. అంటే రాజుని వెక్కిరించిన మాట కూడా ఒకప్పుడు మర్యాద కోసం తెచ్చిన మాటే. ఆస్పత్రి ఉన్న పాపానికి ఎర్రగడ్డ అన్న ఊరి పేరే హైదరాబాద్‌లో తిట్టయింది. అదే బుద్ధిమాంద్యంలోని మాంద్యం అన్న మాట ఆర్థిక శాఖకి వెళితే ఎవరికీ నొప్పి లేదు. ఆర్థిక మాంద్యం అని మంత్రులే చెబుతారు.

హెడ్మాస్టారికి బాగా తగిలింది బ్రిటన్ సంగతి. 1952లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లల కోసం అక్కడ స్పాస్టిక్స్ సొసైటీ పెట్టారు. స్పాస్టిక్ అంటే కండరాలు బిగుసుకుపోవడం, వైద్యం మాట. బడిపిల్లల నోట అది ఎంత చెడ్డ తిట్టయిందంటే 1994లో ఆ సంస్థ తన పేరునే స్కోప్ అని మార్చుకుంది. ఇంకా ముందు, 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంలో, బీబీసీ పిల్లల కార్యక్రమంలో జోయీ డీకన్ అనే పెద్దాయన్ని చూపించారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నా పట్టుదలతో తన జీవితకథ పుస్తకంగా తెచ్చిన మనిషి. పిల్లలు ఆయన్ని చూసి గౌరవం నేర్చుకుంటారనుకున్నారు. మర్నాటి నుంచి ఆటస్థలాల్లో ‘జోయీ’ అన్నది వెక్కిరింతైపోయింది. మనిషి పేరుకి చెడ్డ అర్థమేముంటుంది? దాన్ని పిల్లలకి పరిచయం చేసిన పద్ధతిలోనే ఉంది: మాములువాళ్లు మీరు, ఇదిగో ఈయన వేరే.

స్టీవెన్ పింకర్ అనే భాషాశాస్త్రవేత్త 1994లో దీనికి ట్రెడ్‌మిల్ (ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచే యంత్రం) అన్న పోలిక తెచ్చారు. కొత్త మాట తెస్తాం, పాత చులకన దానికీ అంటుకుంటుంది, మళ్లీ కొత్త మాట. ఆయన లెక్కలో మన మనసుల్లోని భావన మారనంతకాలం మాటలు మారుతూనే ఉంటాయి. నిజమే గానీ, బడిలో పనిచేసేవాళ్లకి ఆ వాదం అక్కడితో ఆగితే పనికిరాదు. భావన అనేది పిల్లల మనసులో గాలిలోంచి పుట్టదు. ఎవర్ని విడిగా కూర్చోబెట్టారు, ఎవర్ని ఏ పేరుతో లేపారు, ఎవరి పేరు గోడకెక్కింది అన్నవి వాళ్లు కళ్లతో చూసి పోగేసుకుంటారు. అవి మన చేతిలో ఉన్నవే. పదం చట్టంలో మారాలి, పాఠ్యపుస్తకంలో మారాలి, అందులో వాదన లేదు. దానితో రాజు కడుపునొప్పి మాత్రం తగ్గదు.

చేసిన పనులు

కేకలు ఆపించడం మొదటిది, సులువైనది. స్కాలర్‌షిప్, కార్డు, శిబిరం, ఏదైనా సరే వాళ్లమ్మ ఫోన్‌కి చెప్పాలి. గోడ మీది జాబితా తీసేశారు. అది ఉండాలని పైనుంచి నియమం ఏమైనా ఉందేమోనని గుమస్తా భయపడ్డాడు. ఆఫీసు బీరువాలో ఫైలు ఉంటే చాలని హెడ్మాస్టారే సంతకం పెట్టారు. 2016 చట్టం 92వ సెక్షన్ కింద బహిరంగంగా అవమానిస్తే శిక్ష ఉందట కదా, పిల్లలకి చెప్పి బెదిరిద్దామా అని ఆయన అడిగారు. ఉంది. కావాలని నలుగురిలో అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. పదేళ్ల పిల్లల మీద వాడే ఆయుధం కాదది. పైగా బెదిరింపుతో ఆపిన మాట గేటు బయట రెట్టింపు రుచిగా ఉంటుంది.

ఇంటికి పంపడం ఆపడం రెండోది. ఒక్కసారిగా ఆపితే పిల్లవాడు బడికే రాడు. అందుకని ఒక నీలం అట్టముక్క ఇచ్చాం. కష్టంగా ఉంటే మాట్లాడకుండా దాన్ని బల్ల మీద పెట్టి, వరండాలో నీళ్ల కుండ దాకా వెళ్లి తాగి రావచ్చు. రావాలి, అది షరతు. మొదట్లో వాడు నీళ్లు తాగి తాగి ఆ పీరియడంతా వరండాలోనే గడిపేవాడు.

మూడోది పాఠం. మాస్టారు నాకంటే ముందే దారి కనిపెట్టారు. రాజు వాళ్ల కొట్టులో కాటా ఉంది. కందిపప్పు పావుకేజీ అంటే ఏ రాయి వెయ్యాలో, అరకేజీ రాయి కనపడకపోతే రెండు పావులు వెయ్యాలని వాడికి చేతుల్లోనే తెలుసు. కాగితం మీద ఒకటి బై నాలుగు అంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. మాస్టారు ఆ కాటాని క్లాసుకి తెప్పించారు. కొన్నాళ్లు బోర్డు మీద భిన్నం అన్న శీర్షిక రాయకుండా సగం, పావు, ముప్పావు అని మొదలుపెట్టారు. అందరూ తూచారు. రాజు ఒక్కణ్ణే ముందుకి పిలిచి ‘చూడండి వీడికెంత వచ్చో’ అనొద్దని మాత్రం నేను గట్టిగా చెప్పాను. అది జోయీ డీకన్ దారే. వాడు తన గుంపులో నలుగురితో పాటు తూచాడు, వాళ్ల రాళ్లు తప్పయితే వాడే మార్చాడు, అంతే. ముప్పావు దగ్గర వాడూ తడబడ్డాడు.

కానీ పరీక్షలో భిన్నం అన్న మాట వస్తుంది. ఎల్లకాలం దాచిపెట్టలేం. విడిగా నా దగ్గర కూర్చున్నప్పుడు చీటీలతో పని చేశాం: సగం కోసిన జామకాయ బొమ్మ, దాని కింద ½, దాని కింద ‘భిన్నం’. మొదట్లో ఆ చీటీ రాగానే బోర్లా తిప్పేసేవాడు. బొమ్మ మాత్రమే చూపించి, తర్వాత అంకె, తర్వాత మొదటి అక్షరం, అలా మెల్లగా చేరువ చేశాం. ఒకరోజు చీటీ తిప్పకుండా చేతిలో పట్టుకుని, “ఇది లెక్కల భిన్నం టీచల్. నేను కాదు” అన్నాడు. నేను ‘అవును’ అని తర్వాతి చీటీ ఇచ్చాను. అక్కడ ఎక్కువ మెచ్చుకుంటే ఆ మాటకి మళ్లీ బరువు పెరుగుతుంది.

పిల్లల గుంపుతో చేసిన పని అన్నిటికంటే కష్టం. ఇక్కడే మూడో జవాబు వస్తుంది. ‘చదివినా చదవకపోయినా డబ్బులొస్తాయి’ అన్నదాంట్లో చులకన కంటే అసూయ ఎక్కువ. వాళ్లూ పేదింటి పిల్లలే. రాజు నాన్న ఆటో, వీళ్ల నాన్నలు కూలి. క్లాసులో వెనకబడిన వాడికి ముందు బెంచీ, బ్యాంకు పుస్తకం, శిబిరానికి ఒక రోజు సెలవు. ఈ లెక్క వాళ్లకి న్యాయంగా కనపడలేదు. వైకల్యం గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఆ లెక్కకి జవాబు దొరకదు. అడగనిచ్చాం. “మరి ఆడికెందుకు?” అని ఒకడు నేరుగానే అడిగాడు. ఆ గుంపులోనే ఒకడికి బడి కంటిపరీక్షలో అద్దాలు ఉచితంగా ఇచ్చారు. “నీకు అద్దాలెందుకిచ్చారు?” అన్నాను. “నాకు బోర్డు కనపడదు కదా.” కాసేపాగి వాడే, “నన్నెవరూ అద్దాలు దొబ్బినోడని అనడం నేదులే” అన్నాడు. పక్కవాడు ఊరుకోడు కదా: “సోడాబుడ్డీ అని ఏడిపించలేదేటిరా నిన్ను?” అందరూ నవ్వారు, అద్దాలవాడు కూడా. ఆ నవ్వు మీద ఎవరికీ పాఠం చెప్పకుండా వదిలేశాను. తర్వాతి వారాల్లో రాజు జోలికి రావడం తగ్గినవాడు ఆ అద్దాల కుర్రాడే.

బెంచీ మళ్లీ నిండింది. ముందు వరసలో ఇద్దరిద్దరు కూర్చునేలా వారానికోసారి జంటలు మార్చారు. రాజు పక్కన కూర్చోవడం ఎవరికీ శిక్షగా కనపడకూడదని ఈ మార్పు క్లాసు మొత్తానికీ చేశారు.

ఇంట్లో మామ్మకి మా హడావుడి అర్థం కాలేదు. “మా కాలంలో ఎర్రిబాగులోడు అనీవోళ్లం అమ్మా. అన్నా గానీ పొలానికి తీసుకెల్లీవోళ్లం, పెళ్లికి తీసుకెల్లీవోళ్లం. ఇప్పుడు మంచిమాటంట, ఆణ్ణి ఏరే కూకోబెట్టడమంట.” ఆమె మాటలో నిజముంది, కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. వెర్రిబాగులవాడు అని పిలిపించుకున్నవాళ్లని ఆ పెళ్లిలో అడిగి ఉంటే వాళ్లేం చెప్పేవారో మామ్మకి తెలియదు. మొద్దోడా అని పిలవడం మానమంటే మాత్రం ఆమె వెంటనే మానేసింది. వాళ్లమ్మకి ఇంకొంచెం కష్టమైంది. ఎవరైనా మెంటలోడంటే, ‘కాదు, మావోడు భిన్నక్షమ’ అని కార్డు చూపించి నోరు మూయించడం ఆమె నేర్చుకుంది. ఆమెకది డాలు. దాన్ని లాక్కోవడం నా పని కాదు. కాగితాల దగ్గర, ఆఫీసుల దగ్గర ఆ మాటే వాడమన్నాను. వీధిలో వాడి పేరు చెబితే చాలన్నాను.

ఇప్పటి పరిస్థితి

లెక్కల పీరియడ్‌లో రాజు కూర్చుంటున్నాడు. నీలం అట్టముక్క అప్పుడప్పుడు బయటికొస్తుంది, వెళ్లి తిరిగొస్తాడు. ఇంటికి పోవడం దాదాపు ఆగిపోయింది. సగం, పావు బొమ్మల్లోనూ అంకెల్లోనూ గుర్తుపడుతున్నాడు. వాడి కోసం విడిగా రాసుకున్న విద్యా ప్రణాళికలో ఆ ఏడాదికి పెట్టుకున్న లక్ష్యం అంతే. భిన్నాల కూడిక మిగతా క్లాసు చేస్తుంటే వాడు తూకం లెక్కలు చేస్తాడు.

మాట చావలేదు. క్లాసులో వినపడడం బాగా తగ్గింది. ఏటి ఒడ్డున క్రికెట్‌లో క్యాచ్ వదిలితే ఇప్పటికీ భిన్నమే. కొందరు దాన్ని వదిలేసి ‘కార్డు’ అంటున్నారు, ‘ఒరే కార్డూ’ అని. కార్డు అంటే అందరి జేబులోనూ ఉండేదే, ఆధార్ కార్డు, రేషన్ కార్డు. దాన్ని కూడా తిట్టుగా మార్చగలిగారు. ఇది విని హెడ్మాస్టారు నీరసపడ్డారు. నేను పడలేదు. కార్డు బడిలో చూపించడం, అడగడం ఆగిపోయాక ఆ మాటకి తిండి తక్కువ. అది ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. రాజు ఇంట్లో చెల్లెలితో గొడవపడినప్పుడు దాన్ని భిన్నం అని తిట్టాడని వాళ్లమ్మ చెప్పింది. అది ఫైల్లో రాసుకున్నాను. ఇప్పటికైతే వాణ్ణి మందలించొద్దన్నాను.

ఆరో తరగతికి వాడు ఒడియా మాధ్యమం ఉన్న పెద్దబడికి వెళ్లాలి. అక్కడ తెలుగు సెక్షన్ లేదు. కొత్త పిల్లలు, కొత్త గుమస్తా. బదిలీ నోటులో వైకల్యం పేరు, శాతం, పరీక్షల వివరాలు ఎలాగూ ఉంటాయి. వాటి పైన మరో పేజీ పెట్టాను: ఏ కబురైనా తల్లి ఫోన్‌కి చెప్పాలి, జాబితాలు గోడకి అంటించొద్దు, పేరు పెట్టి పిలవాలి, బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టొద్దు, నీలం అట్టముక్కని కొనసాగించాలి. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఫోన్ చేసి, మొదటిరోజు క్లాసుకి రాజుని ఏ మాటతో పరిచయం చేస్తే బాగుంటుందని అడిగారు. మిగతావాళ్లని ఎలా పరిచయం చేస్తారో అలాగే చెయ్యమన్నాను. లెక్కల్లో అక్కడ దశాంశాలు మొదలవుతాయి. వాటిని రూపాయలు, పైసలతో మొదలుపెట్టమని, కొట్టులో చిల్లర లెక్క వాడికి వచ్చని ఆ పేజీ చివర రాశాను.